జీతం పెరిగే ఉద్యోగమా, బీమా ఉన్న ఉద్యోగమా?

ప్రశ్న: మా బాబుకు 16 ఏళ్లు. కామెర్లు తగ్గకపోతే పసరు మందు కూడా వేయించాం. చివరికి విల్సన్ వ్యాధి (ఒంట్లో రాగి పేరుకుపోయి కాలేయం దెబ్బతినే జబ్బు) అని తేలింది. మందులకు, పరీక్షలకు నెలకు సుమారు 5 వేలు ఖర్చవుతోంది. మావారి జీతం 52 వేలు, సంస్థ తరఫున బృంద ఆరోగ్య బీమా ఉంది. మరో సంస్థ 65 వేలు ఇస్తానంటోంది కానీ బీమా లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ 6 లక్షలుంది. బాబు పేరున పొదుపు పాలసీ కట్టమని మా అన్నయ్య అంటున్నాడు. మాది మేనరికం. పాపకు 11 ఏళ్లు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, లెక్కల కన్నా ముందు పాపకు పరీక్షలు చేయించండి. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు కలుగుతుంది. బాబుకు వచ్చింది కాబట్టి పాపకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. సెరులోప్లాస్మిన్ రక్తపరీక్ష, 24 గంటల మూత్రంలో రాగి పరీక్ష, కంటి పరీక్ష, అవసరమైతే జన్యుపరీక్ష చేస్తారు. లక్షణాలు కనబడకముందే మందు మొదలుపెడితే కాలేయాన్ని కాపాడుకోవచ్చు. బీమా తీసుకున్నాక పరీక్ష చేయిద్దామని ఎవరైనా చెబితే వినకండి. మేనరికం అని మిమ్మల్ని మీరు నిందించుకోనూ వద్దు.

ఇక ఉద్యోగం. నెలకు 13 వేలంటే ఏడాదికి లక్షా 56 వేలు. మంచి మొత్తమే. కానీ కాలేయం బాగా దెబ్బతిని మార్పిడి దాకా వెళితే ప్రైవేటు ఆసుపత్రిలో 20 లక్షలు దాటుతుంది. బృంద బీమాలో సాధారణంగా పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. మీ పాలసీలో ఆ మాట ఉందో లేదో హెచ్‌ఆర్ విభాగాన్ని అడిగి, కాగితం తీసుకోండి. బయట విడిగా కొనబోతే, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు వేచి ఉండే వ్యవధి పెట్టవచ్చు, లేదా కంపెనీ దరఖాస్తునే తిరస్కరించవచ్చు. అందుకే ఇప్పుడున్న పరిస్థితిలో మారవద్దనే చెబుతాను. మారక తప్పకపోతే, అదే బీమా కంపెనీలో కుటుంబ పాలసీకి మారే వీలు అడిగి, బాబును చేర్చుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చాకే రాజీనామా ఇవ్వండి. దరఖాస్తులో జబ్బును దాచవద్దు. దాచిన సంగతి బయటపడితే క్లెయిము పోతుంది.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది వేరే ఉంది. ఆసుపత్రిలో చేరితే బీమా ఆదుకుంటుంది. రోజూ వేసుకునే మాత్రల ఖర్చు మాత్రం చాలా పాలసీల్లో మీ జేబులోంచే పోవాలి. ఈ జబ్బుకు మందు జీవితాంతం కావాలి. ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉన్నవారు కూడా బాగానే ఉన్నాం కదా అని మానేస్తే కాలేయం ఒక్కసారిగా విఫలం కావచ్చు. కాబట్టి ఏ నెలా చేతిలో డబ్బు లేదన్న కారణంతో మాత్ర ఆగకూడదు. డిపాజిట్‌లోంచి లక్షా 20 వేలు, అంటే రెండేళ్ల ఖర్చు, విడిగా ఒక ఖాతాలో వేసి దానికి ‘బాబు మందులు’ అని పేరు పెట్టుకోండి. నెలనెలా వాడినంత జీతం నుంచి తిరిగి జమ చేయండి. ఒంట్లోని రాగిని బయటికి పంపే పెనిసిలమిన్ మందు ప్రతి మందుల దుకాణంలోనూ దొరకదు. డాక్టరుతో చెప్పి రెండు నెలల నిల్వ ఇంట్లో ఉంచుకోండి. జింక్ మాత్రలైతే చవక అని మీరే మందు మార్చేయకండి, ఆ నిర్ణయం డాక్టరుది. మిగిలిన 4 లక్షల 80 వేలు అత్యవసరానికి అలాగే ఉండనివ్వండి.

మీ అన్నయ్య సలహా ప్రేమతో ఇచ్చిందే, కానీ నేను ఒప్పుకోను. ఇంటికి ఆదాయం తెచ్చేది మీవారు. పాలసీ ఆయన పేరున ఉండాలి, అదీ టర్మ్ పాలసీ, అంటే పొదుపు లేకుండా, ఆయనకేమైనా అయితే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా. కనీసం 75 లక్షలకు తీసుకోండి. పొదుపు పాలసీకి కట్టే ప్రీమియంలో కొంతభాగంతోనే ఆ రక్షణ దొరుకుతుంది.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద, జాబితాలోని జబ్బులకు ఎంపిక చేసిన కేంద్రాల్లో 50 లక్షల వరకు సాయం అందుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్ అలాంటి కేంద్రం. బాబుకు వర్తిస్తుందేమో అక్కడ అడగండి.

ఇంకొక్క సంగతి. చాలా బృంద పాలసీల్లో పిల్లలకు 25 ఏళ్ల వరకే రక్షణ. బాబుకు ఇంకా తొమ్మిదేళ్లుంది. ఈలోగా ఏటా ఒకసారి వైద్య నివేదికలతో రెండు మూడు కంపెనీలకు వ్యక్తిగత పాలసీకి దరఖాస్తు చేస్తూ ఉండండి. మందులు సక్రమంగా వాడుతూ, కాలేయ పరీక్షలు నిలకడగా ఉన్న యువకుడికి పాలసీ ఇచ్చేందుకు ముందుకొచ్చే కంపెనీ దొరికే అవకాశం ఎక్కువ. అందుకని ప్రతి పరీక్ష కాగితాన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో దాచండి.