ప్లాస్టిక్ మోడల్ మీద రంగు తీయాలంటే థిన్నర్ జోలికి పోకండి

ఎప్పుడో ఎనామిల్ (నూనె రకం పెయింట్) వేసిన, ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ విమానం కిట్‌కి ఆ రంగు తీసేసి మళ్ళీ వేసుకోవచ్చా, థిన్నర్ వాడొచ్చా అని అడిగారు. నిక్షేపంగా తీయొచ్చు. థిన్నర్‌ని మాత్రం ఆ గదిలోకే రానివ్వకండి.

హార్డ్‌వేర్ షాపులో అడగ్గానే చేతిలో పెట్టే ఎన్.సి. థిన్నర్ ఇనుముకీ చెక్కకీ పనికొస్తుంది. కిట్లేమో పాలీస్టైరీన్‌తో చేస్తారు. థిన్నర్‌లో ఉండే టొలుయీన్, అసిటోన్ దాన్ని కరిగించేస్తాయి. అసలు మనం ముక్కలు అతికించే ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు పనిచేసేదే అలా: అంచులు కాస్త కరిగి రెండూ ఒకటవుతాయి. అతుకు దగ్గర ఒక చుక్క వరకు సరే, విమానాన్నంతా అందులో ముంచితే మిగిలేది ముద్దే.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21 యుద్ధవిమానాలకు వీడ్కోలు పలికారు కదా, అది టీవీలో చూసి మా మేనల్లుడు తన 1/72 (అసలు విమానంలో 72వ వంతు సైజు) మిగ్-21 బిస్ రకం మోడల్‌ని పట్టుకొచ్చాడు. "మామయ్యా, దీన్ని మనవాళ్ళ బైసన్ చేసేద్దాం" అన్నాడు. బిస్‌కే కొత్త రాడార్, కొత్త క్షిపణులు పెడితే బైసన్ అయింది కాబట్టి కోరిక సబబే. కానీ దాని మీద ఆకుపచ్చ ఎనామిల్ పొర మీద పొర పేరుకుపోయి ఉంది. రెక్కల మీద ప్యానెల్ గీత (రేకుల అతుకుల్ని చూపే సన్నటి గీత) ఒక్కటీ కనబడలేదు. దాని మీదే బూడిదరంగు వేసేద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు.

కాక్‌పిట్ అద్దం ఊడదీసి పక్కన పెట్టి, మూత ఉన్న డబ్బాలో నీళ్ళు కలపని డెట్టాల్ పోసి రాత్రంతా నానబెట్టాం. పొద్దున్నకి పెయింట్ ముడతలు పడి లేచింది. గ్లవ్స్ వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దాం. వాడు కుళాయి తిప్పబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. డెట్టాల్‌లో మెత్తబడిన పెయింట్‌కి నీళ్ళు తగిలితే తుమ్మబంకలా సాగి గీతల్లో కూరుకుపోతుంది. ముందు ఇంకో గిన్నెలో కొత్త డెట్టాల్‌తో కడగాలి, తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్, ఆ తర్వాతే నీళ్ళు. మూలల్లో మొండికేసిన చోట మళ్ళీ నానబెట్టాం. సిమెంట్‌తో అతికిన రెక్కలు కదల్లేదు, సూపర్ గ్లూ పెట్టిన చక్రాలు మాత్రం ఊడొచ్చాయి. ఒక్కో గీత బయటపడుతుంటే "ఇన్ని ఉన్నాయా మామయ్యా దీనిమీద!" అంటూ వాడు మురిసిపోయాడు. పెయింట్ లావుగా పూసి ఆ పనితనాన్ని కప్పెయ్యడం నాకు అస్సలు నచ్చదు.

మీది ఎనామిల్ కాక అక్రిలిక్ పెయింట్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు, ఇంకా త్వరగా వదులుతుంది. కిటికీలు తెరిచి పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు. అద్దం ముక్కలు దేంట్లోనూ ముంచకండి.

రంగు చెడిందని కిట్లు పారేసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కిట్ ధర, దాని మీద రవాణా, కస్టమ్స్, ఇన్ని భరించి తెప్పించుకున్నది చెత్తబుట్ట పాలు చేస్తారా? పైగా ఇంట్లో "ఈ వయసులో బొమ్మలేంటి" అనేవాళ్ళొకరు. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ లేకపోతే మోడలింగే లేదని కొత్తవాళ్ళని బెదరగొట్టేవాళ్ళు ఇంకో రకం. మంచి కుంచె, పల్చగా కలిపిన పెయింట్, పొరకీ పొరకీ మధ్య ఆరనిచ్చే ఓపిక ఉంటే చాలు.

ఒక్క సంగతి. నానబెడితే పాత డెకాల్స్ (మోడల్ మీద అతికించే గుర్తుల స్టిక్కర్లు) కూడా పోతాయి. చాలా పెట్టెల్లో మన వాయుసేన గుర్తులు ఉండవు. బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ చుక్క ఉన్న డెకాల్స్ విడిగా తెప్పించుకుని, అవి చేతికొచ్చాకే డెట్టాల్ మూత తీయండి.