జైలు కూలి డబ్బు ఏ ఖాతాలో వేయాలి?

ప్రశ్న: మా అన్నయ్య ఏడేళ్లు రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో ఉండి గత నెల ఇంటికొచ్చాడు. అక్కడ వడ్రంగం పనికి ఇచ్చిన కూలి 62,000 చేతికొచ్చింది. పాత బ్యాంకు ఖాతా ఆగిపోయింది. అదే బ్యాంకులో 80,000 పర్సనల్ లోన్ బాకీ ఉంది. ఎల్ఐసీ పాలసీ కూడా మధ్యలో ఆగింది. ముందు అప్పు తీర్చేయమని బంధువుల మాట. ఏం చేయాలి?
- ఒక చెల్లెలు, కాకినాడ

జవాబు: అమ్మా, ఆ డబ్బు పాత ఖాతాలో మాత్రం వేయకండి. ఖాతాలో సొమ్మును తన బాకీ కింద జమ కట్టుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. పొద్దున వేసింది సాయంత్రానికి ఉండకపోవచ్చు. వేరే బ్యాంకులో జన్‌ధన్ ఖాతా తెరవండి, కనీస నిల్వ అక్కర్లేదు. పాత ఖాతాకు తొందర లేదు. అందులో మిగిలినదానికి వడ్డీ పడుతూనే ఉంటుంది, మళ్లీ తెరిచినందుకు రుసుము తీసుకోకూడదు.

దానికంటే ముందు ఫోన్ నంబరు చూసుకోవాలి. ఏడేళ్లు రీఛార్జి లేని సిమ్ ఈపాటికి వేరొకరి చేతిలో ఉండొచ్చు, ఆధార్ ఓటీపీలు అక్కడికే పోతాయి. కొత్త సిమ్ తీసుకుని ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించండి. కాగితాలేవీ అవసరం లేదు. ఉలి పట్టిన చేతులకు వేలిముద్ర పడకపోతే కనుపాప స్కాన్ చేయమని అడగండి. ఇది పూర్తయ్యాకే బ్యాంకుకు వెళ్లండి, లేదంటే రెండుసార్లు తిరగాలి.

ఆ 62,000లో 22,000 ఖాతాలో ఉంచండి. మిగతా 40,000 పదేసి వేల చొప్పున నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. అవసరమొస్తే ఒకటి తీసుకుంటే చాలు, మిగతా మూడింటి వడ్డీ పోదు. పని దొరికేదాకా ఆయనకు ఇదే జీతం. ఇదంతా అప్పుకే పోస్తే రేపు బియ్యానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి చేయి చాపాల్సి వస్తుంది. అందుకే బంధువుల సలహా నాకు నచ్చలేదు.

అప్పు విషయంలో ముందు బ్యాంకు దావా వేసిందా, డిక్రీ (డబ్బు కట్టమని కోర్టు తీర్పు) వచ్చిందా అన్నది ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో అన్నయ్య పేరుతో వెతకండి. డిక్రీ ఉంటే 12 ఏళ్లలోపు అమలు చేయించుకోవచ్చు. ఏమీ లేకుండా చివరి చెల్లింపు నుంచి మూడేళ్లు దాటితే, దావాకు సాధారణంగా గడువు తీరినట్టే. వసూలుకొచ్చినవాళ్లు 'కడతానని రాసివ్వండి' అంటారు. ఆ కాగితంపై సంతకం పెడితే చచ్చిన గడువు మళ్లీ బతుకుతుంది. తీర్చాలని ఉంటే పని దొరికాక తీర్చండి, అదీ ఎంతకు తేలుస్తారో బ్యాంకు లేఖ చేతికిచ్చాకే.

పాలసీని తిరిగి కట్టే అవకాశం మొదటి బాకీ వాయిదా నుంచి ఐదేళ్లే, అది దాటిపోయింది. అయినా మూడేళ్లు ప్రీమియం కట్టి ఉంటే డబ్బు పోదు. ఉదాహరణకు 2 లక్షల 20 ఏళ్ల పాలసీకి ఆరేళ్లు కడితే, ఇరవైలో ఆరు వంతులు, అంటే 60,000, అప్పటికి చేరిన బోనస్‌తో కలిపి గడువు తీరాక వస్తుంది. ఇలా కట్టినంతకు మిగిలే మొత్తాన్నే పెయిడప్ విలువ అంటారు. బ్రాంచిలో 'పెయిడప్ విలువ ఎంత' అని రాతపూర్వకంగా అడగండి. దీన్ని రద్దు చేసి కొత్తది తీసుకోమంటే ఒప్పుకోకండి.