ఆలస్యంగా మొదలుపెట్టాను... రాత్రంతా చదివినా టెస్టులో ఏమీ గుర్తురావడం లేదు!

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 17 ఏళ్లు. హైస్కూల్ చివరి సంవత్సరంలో ఉన్నాను. మా క్లాసులో చాలామంది కాలేజీ ప్రవేశ పరీక్షకు పోయినేడాది నుంచే చదువుతున్నారు. ఏ కోర్సులో చేరాలో తేల్చుకోలేక నేను ఇప్పుడు మొదలుపెట్టాను. పరీక్షకు ఇంకా పది వారాలే ఉంది. స్కూల్ పరీక్షలు కూడా అప్పుడే. రాత్రి రెండింటి దాకా చదివి పొద్దున ఆరింటికి లేస్తున్నాను. నిద్ర రాకుండా నాలుగైదు కాఫీలు తాగుతున్నాను. అయినా మోడల్ టెస్టుకు కూర్చోగానే గుండె దడ, చేతులకు చెమట, వేళ్లలో తిమ్మిరి. చదివింది ఒక్క ముక్క గుర్తురాదు. ఇంటికి వచ్చాక అన్నీ గుర్తొస్తాయి! గుండె దడకు వాళ్ల నాన్నగారు వాడే మాత్ర ఒకటి నా ఫ్రెండ్ తెచ్చి ఇచ్చింది. పరీక్ష రోజు వేసుకోవచ్చా? జ్ఞాపకశక్తి పెరగడానికి మందులేమైనా ఉన్నాయా? లేదంటే ఈ ఏడాది పరీక్ష మానేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి చెప్తానమ్మా. వేసుకోవద్దు. రేపే మీ ఫ్రెండ్‌కు తిరిగి ఇచ్చెయ్. గుండె దడకు పెద్దవాళ్లకు రాసే మందుల్లో ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఎక్కువగా ఉంటాయి. అవి నాడి వేగాన్ని, బీపీని తగ్గిస్తాయి. అలవాటు లేని మనిషికి కళ్లు తిరగవచ్చు, నీరసం రావచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లకైతే ఊపిరి అందకుండా పోయే ప్రమాదం ఉంది. నిన్ను పరీక్షించి, నీ ఆరోగ్యం సంగతులన్నీ అడిగి తెలుసుకున్న డాక్టరు రాస్తే అది వేరే విషయం. ఇంకొకరి చీటీ మీద కొన్న మందును, అదీ పరీక్ష రోజే మొదటిసారి మింగడం మాత్రం వద్దే వద్దు. ఏకాగ్రత కోసమని పిల్లల మధ్య చేతులు మారే మాత్రలకూ ఇదే మాట వర్తిస్తుంది.

జ్ఞాపకశక్తి మందు గురించి అడిగావు. ఆరోగ్యంగా ఉన్న నీ వయసు పిల్లలకు జ్ఞాపకశక్తి పెంచుతుందని గట్టిగా రుజువైన మాత్ర గానీ, టానిక్కు గానీ లేదు. డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే.

నీ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది గుండె దడ కాదు, నాలుగు గంటల నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నువ్వు అందులో సగమే పోతున్నావు. ఆలస్యంగా మొదలుపెట్టాను కాబట్టి ఆ లోటును రాత్రుళ్లు పూడ్చుకోవాలనుకోవడం సహజమే. కానీ పగలు చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. కొత్తగా నేర్చుకున్న సంగతుల్ని మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ముందు పట్టి ఉంచుతుంది. మనం నిద్రలో ఉన్నప్పుడు వాటిని మళ్లీ మళ్లీ తిరగేసి, ఎక్కువ కాలం నిలిచేలా చేస్తుంది. ఇది ఈనాటి మాట కాదు. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టించి, కొన్ని గంటలాగి అప్పజెప్పమన్నారు. అదే వ్యవధిలో మేలుకుని ఉన్నప్పటి కంటే నిద్రపోయి లేచినప్పుడు ఎక్కువ గుర్తున్నాయి. అర్ధరాత్రి దాటాక నువ్వు చదివే ఆ రెండు గంటలు, పగలంతా చదివినదాన్ని కూడా పలచన చేస్తున్నాయి.

పదింటికే పడుకోమంటే నిద్ర పట్టదని నువ్వు అనొచ్చు. నిజమే. యుక్తవయసులో నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ అనే హార్మోను ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే మీ వయసు వాళ్లకు రాత్రి పొద్దుపోయేదాకా నిద్ర రాదు, పొద్దున్నే లేవబుద్ధి కాదు. దాన్ని బద్ధకం అనడం నాకు నచ్చదు. ఒక్కసారిగా మార్చుకోవాలని చూడకు. రెండు మూడు రోజులకోసారి పడుకునే టైమును అరగంట ముందుకు జరుపు. పొద్దున లేవగానే ఓ ఇరవై నిమిషాలు ఆరుబయట వెలుగులో గడుపు. ఆదివారమైనా లేచే టైము మరీ మారనివ్వకు. మొదటి వారం కష్టంగానే ఉంటుంది.

కాఫీ కూడా ఇక్కడ అడ్డం వస్తుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండుకు కూడా సగం పని చేస్తూనే ఉంటుందన్నమాట. అంతేకాదు, గుండె దడనూ, చేతుల వణుకునూ కెఫీన్ పెంచుతుంది. టెస్టుకు ముందు రెండు కాఫీలు తాగి వెళ్తే నీ టెన్షన్‌కు నువ్వే తోడు తెచ్చుకున్నట్టు. అయితే ఒకేసారి మానేస్తే తలనొప్పి వస్తుంది. రెండు మూడు రోజులకు ఒకటి చొప్పున తగ్గించి, పొద్దుటి పూట ఒక్క కప్పుకు రా. మధ్యాహ్నం తర్వాత అసలు వద్దు. ఎనర్జీ డ్రింకులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఇక టెస్టులో ఏమీ గుర్తురాకపోవడం గురించి. ఇంటికి రాగానే అన్నీ గుర్తొస్తున్నాయని నువ్వే రాశావు. అంటే చదివింది బుర్రలో ఉంది, ఆ సమయానికి అందడం లేదు, అంతే. ప్రమాదం ఎదురైందని అనుకోగానే శరీరం అడ్రినలిన్ అనే హార్మోనును వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చెమటలు పడతాయి. పారిపోవడానికో పోరాడటానికో ఇది పనికొస్తుంది కానీ, ఒక లెక్కలోని నాలుగు అంకెలను మనసులో పట్టుకుని ఆలోచించే పనికి ఆటంకం. మరి వేళ్ల తిమ్మిరి ఎందుకు? కంగారులో నీకు తెలియకుండానే ఊపిరి వేగంగా తీసుకుంటావు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి పడుతుంది, తల తేలిపోతున్నట్టు ఉంటుంది. చూసేవాళ్లకు భయం పుట్టించినా, ఇలాంటి కంగారు సాధారణంగా పది నిమిషాల్లోపే పతాక స్థాయికి చేరి తర్వాత దానంతటదే తగ్గుతుంది.

ఆ పది నిమిషాలు ఏం చేయాలో చెప్తాను. పెన్ను కింద పెట్టు. రెండు పాదాలూ నేలకు ఆనించు. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చు. ఆరో ఏడో లెక్కపెడుతూ నెమ్మదిగా వదులు. వదలడం ఎప్పుడూ పీల్చడం కన్నా పొడుగ్గా ఉండాలి. ఇలా రెండు మూడు నిమిషాలు చేశాక, పేపరులో అన్నిటికంటే తేలికైన ప్రశ్న వెతికి దాన్ని రాయి. ఒకటి రాస్తే మిగతావి కదులుతాయి. అయితే ఇది పరీక్ష రోజు మొదటిసారి చేస్తే పని చేయదు. ఇవాళ్టి నుంచి రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు సాధన చెయ్యి, అప్పుడే ఆ రోజు ఒంటికి అలవాటై ఉంటుంది.

చదివే పద్ధతి డాక్టరు చెప్పాల్సిందేనా అని అనుకోవచ్చు. కానీ నీ నిద్రకు టైము దొరకాలంటే ఇదీ చెప్పక తప్పదు. పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదువుతూ, రంగు పెన్నుతో గీతలు పెట్టుకుంటూ పోతే అంతా వచ్చినట్టే అనిపిస్తుంది. తీరా అడిగితే నోరు పెగలదు. రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని పదేపదే చదివినవాళ్ల కన్నా, చదివాక చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. విచిత్రం ఏమిటంటే, ఐదు నిమిషాల తర్వాత అడిగినప్పుడు మాత్రం పదేపదే చదివినవాళ్లే ముందున్నారు. అందుకే ఆ పద్ధతి మనల్ని మోసం చేస్తుంది. ఒక పాఠం చదివాక పుస్తకం మూసెయ్. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయి. పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర సిరాతో చేర్చు. మర్నాడు ఆ ఎర్ర ముక్కలే చూడు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకు ఇంతకన్నా టైము మిగిల్చే పద్ధతి నాకు తెలియదు. మోడల్ టెస్టులు కూడా అసలు పరీక్ష ఏ టైముకు ఉంటుందో ఆ టైముకే, గడియారం ఎదురుగా పెట్టుకుని రాయి. నాలుగైదు సార్లు అలా రాసేసరికి కంగారు పదును తగ్గుతుంది.

తిండి మానకు, రోజూ ఓ అరగంట నడువు. వీటి గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఒకసారి మీ డాక్టరును కలిసి నాడి, బీపీ చూపించుకో. ప్రశాంతంగా కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 100 దాటుతున్నా, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. నీ వయసు అమ్మాయిల్లో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత అంటాం. రక్తహీనత ఉంటే అలసట, గుండె దడ వస్తాయి, చదువు మీద మనసు నిలవదు. చికిత్స చేస్తే తగ్గిపోతుంది. స్పృహ తప్పినా, ఆడేటప్పుడో పరుగెత్తేటప్పుడో ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా వెళ్లాలి.

ఈ పేరా మీ అమ్మానాన్నలకు చూపించు. అమ్మా, అయ్యా, అన్నం తినేటప్పుడు సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడగకండి. ఫలానా వాళ్ల పిల్ల ఎప్పుడో ముగించేసిందని చెప్పకండి. రాత్రి పదింటికి లైటు తీసేస్తే మెచ్చుకోండి. రెండు వారాలకు పైగా పిల్ల దిగులుగా ఉన్నా, ఇష్టమైనవి కూడా వదిలేసినా, ఊరికే ఏడుస్తున్నా మానసిక వైద్యులను కలవండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఒక్కసారి నోట వచ్చినా బెదిరింపు అనుకోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, అప్పటిదాకా ఒంటరిగా వదలకండి. నీకు అలాంటి ఆలోచన వస్తే నువ్వు కూడా ఆ క్షణమే ఇంట్లో వాళ్లకో, నమ్మకమున్న టీచరుకో చెప్పాలమ్మా. పదివారాల్లో వచ్చే ఏ పరీక్షా నీకంటే ఎక్కువ కాదు.

చివరిగా, ఈ ఏడాది మానేయాలా అన్నది. నాలుగు గంటల నిద్రతో, ఐదు కాఫీలతో ఉన్న మనిషి అంత పెద్ద నిర్ణయం తీసుకోకూడదు. నీ దగ్గర పది వారాలున్నాయి. అందులో రెండు వారాలు నేను చెప్పినట్టు నిద్రపో. ఎన్నింటికి పడుకున్నావో, ఎన్నింటికి లేచావో, ఎన్ని కాఫీలు తాగావో రోజూ ఒక కాగితం మీద రాసుకో. తర్వాత ఒక మోడల్ టెస్టు రాసి, ఆ మార్కులు చూసి ఇంట్లో వాళ్లతో, టీచరుతో కూర్చుని మాట్లాడు. రాసినా, వచ్చే ఏడాదికి వాయిదా వేసినా అప్పుడు తప్పు లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం కూడా వెంట తీసుకెళ్లు, ఆయన చాలా ప్రశ్నలు అడగాల్సిన పని తప్పుతుంది.