ఏరో బార్ల మీద సీటు కుదరాలంటే: మేనకోడలికి అత్తయ్య ఉత్తరం

చి. లహరికి అత్తయ్య ఆశీస్సులు.

గోవా 70.3 ట్రయథ్లాన్‌కి (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ) పేరిచ్చావని, రోడ్డు బైక్‌కి ఏరో బార్లు (ముందుకు వాలి మోచేతులు ఆనించి తొక్కే బార్లు) బిగించిన దగ్గర్నుంచి అరగంట దాటితే చాలు ముందువైపు తిమ్మిరెక్కుతోందని, దిగాక మంటగా ఉంటోందని మీ అమ్మ చెప్పింది. నాతో చెప్పడానికి మొహమాటపడ్డావట. ఈ విషయంలో మొహమాటపడితే 90 కిలోమీటర్లు తొక్కలేవు తల్లీ. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను. మొత్తం చదివాకే అలెన్ కీ (బోల్టులు తిప్పే ఆరు పలకల పనిముట్టు) పట్టుకో.

హ్యాండిల్ పైభాగం పట్టుకుని తొక్కేటప్పుడు బరువంతా పిర్రల కింది రెండు ఎముకల మీద పడుతుంది. ఏరో బార్ల మీదికి వాలగానే నడుము కింది ఎముకల గూడు మొత్తం ముందుకు తిరుగుతుంది, ఆ రెండు ఎముకలూ సీటు మీంచి లేస్తాయి. అప్పుడు బరువు మోయాల్సినవి వాటికి ముందు, తొడల మొదట్లో లోపలివైపు ఉండే సన్నటి ఎముకలు. మామూలు సీటు ముక్కు సరిగ్గా ఆ రెంటి మధ్యకి వస్తుంది. అక్కడ ఉన్నవి నరాలు, రక్తనాళాలు, మెత్తటి కండ. నీ తిమ్మిరి అక్కడిదే. దుకాణంలో అట్ట మీద కూర్చోబెట్టి పిర్రల ఎముకల మధ్య దూరం కొలుస్తారు చూడు, ఆ కొలత కాస్త నిటారుగా తొక్కేవాళ్లకి పనికొస్తుంది, నీకు అంతగా అక్కరకు రాదు.

జెల్ కవర్ మాత్రం కొనకు. మరీ మెత్తగా ఉన్నదాంట్లో ఎముక దిగిపోతుంది, మధ్యలోని జెల్ పైకి ఉబికి సరిగ్గా తిమ్మిరెక్కే చోటే ఒత్తుతుంది. మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది కాబట్టే అవి అంతలా అమ్ముడుపోతాయి.

కొత్త సీటు కోసం డబ్బు తీయకముందు ఉన్నదాన్నే సర్ది చూడు. సీట్‌పోస్ట్ (సీటుని మోసే గొట్టం) ఫ్రేమ్‌లోకి దిగే చోట ఇన్సులేషన్ టేప్ చుట్టు. సీటు కింది రెండు కమ్మీల (రెయిల్స్) మీద, వాటిని పట్టి ఉంచే క్లాంపు అంచున మార్కర్‌తో గీత పెట్టు. సర్దుబాటు బెడిసికొడితే పాత కొలతకి వెనక్కి రాగలగాలి. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చాక రెండు మూడు రైడ్లు తొక్కు. సీటు వాలు, ముందు వెనకలు, బార్ల ఎత్తు మూడూ ఒకేసారి కదిపితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తేలదు.

మొదట వాలు చూడు. సైకిల్‌ని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, సీటు మీద గట్టి అట్ట పెట్టి, దాని మీద ఫోన్‌లోని రసమట్టం పెట్టు. వెనక భాగం పైకి లేచిన సీటైతే ముందు సగం మీదే కొలువు. ముక్కు 2 డిగ్రీలు కిందికి వాల్చు, చాలకపోతే 3. అంతకు మించితే ముందుకు జారిపోతూ ఉంటావు, ఆ జారుడు ఆపుకోవడానికి మోచేతులతో వెనక్కి నెట్టుకుంటావు, గంట తిరిగేసరికి మెడా భుజాలూ పట్టేస్తాయి. సీట్‌పోస్ట్‌కి ముందొకటి వెనకొకటి బోల్టులుంటే వెనకది అర చుట్టు వదులు చేసి ముందుది అర చుట్టు బిగిస్తే ముక్కు కొద్దిగా కిందికి దిగుతుంది. ఒకే బోల్టు, పళ్ల క్లాంపు ఉన్నదైతే ఒక్కో పన్నుకి ఒక్కో గెంతు గెంతుతుంది, అర డిగ్రీ తేడా దాంతో కుదరదు. బోల్టు ఎంత బలంగా బిగించాలో క్లాంపు మీద న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది, ఆ లెక్క ప్రకారమే బిగించు.

తర్వాత ముందు వెనకలు. రోడ్డు బైక్ సీటు గొట్టం కోణం 73 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ట్రయథ్లాన్ బైకులు 76 నుంచి 80 దాకా నిటారుగా ఉంటాయి. నీ బైక్ మీద వాలినప్పుడు తుంటి దగ్గర మడత మరీ ఎక్కువై మోకాలు పొట్టకి వస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి నీకు తెలియకుండానే ముక్కు కొస మీదికి జరిగి కూర్చుంటున్నావు. ఎవరితోనైనా పక్కనుంచి వీడియో తీయించుకో, నీకే కనిపిస్తుంది. సీటుని 2 సెంటీమీటర్లు ముందుకు జరుపు. ముందుకు జరిపిన ప్రతి సెంటీమీటరుకీ సుమారు 3 మిల్లీమీటర్లు పైకెత్తాలి, లేకపోతే పెడల్‌కీ సీటుకీ మధ్య దూరం తగ్గిపోతుంది. ఇంకా ముందుకి లాగితే ముందు చక్రం మీద బరువెక్కి మలుపుల్లో బండి బెదురుతుంది.

సీటు తప్పు అనుకునే వాటిలో చాలా భాగం అసలు బార్ల తప్పే. మోచేతుల ప్యాడ్లు మరీ కిందికో మరీ దూరంగానో ఉంటే ఏ సీటూ నిన్ను కాపాడలేదు. ప్యాడ్ల కింద 20 మిల్లీమీటర్ల స్పేసర్లు (ఎత్తు పెంచే బిళ్లలు) వేసి చూడు. ప్యాడ్లు పైకి లేస్తే గాలి వల్ల పోయే కాస్త సమయం కోసం చూసుకుంటే, ఊపిరాడక లేచి కూర్చున్న ప్రతిసారీ అంతకంటే ఎక్కువే పోతుంది.

నొప్పి ఎక్కడుందో గమనిస్తే సగం జబ్బు దొరికినట్టే. తొడల మొదట్లో ఎముక మీద నొప్పి అయితే అది కొత్త చోట బరువు పడటం వల్ల, రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. తిమ్మిరి అలవాటయ్యేది కాదు, అలవాటు చేసుకోకూడదు కూడా. తొడలు రెండువైపులా ఒరుసుకుపోతే సీటు ఎత్తు ఎక్కువై నడుము అటూ ఇటూ ఊగుతుండొచ్చు, 5 మిల్లీమీటర్లు దించు. లేదా ముక్కు వెడల్పు ఎక్కువ. ఒకేవైపు ఒరుసుకుంటే క్లీట్లు (బూటుని పెడల్‌కి పట్టించే బిళ్లలు), కాళ్ల పొడవులో తేడా చూపించుకో, సీటు మార్చి లాభం లేదు.

ఇవన్నీ చేసినా తిమ్మిరి పోకపోతే అప్పుడు సీటు మార్చు. ముక్కు లేకుండా ముందు రెండు చీలికలుగా ఉండేవి ఏరో పొజిషన్ కోసమే పుట్టాయి. ఐఎస్ఎం కంపెనీ వాళ్ల పీఎన్ వరసలాంటివి, స్పెషలైజ్డ్ కంపెనీ సిటెరో ఆ కోవవే. వీటి మీద సీటు నిండా వెనక్కి కూర్చుంటే తొడలు ఒరుసుకుంటాయి, ముందు అంచున ఒక్కో చీలిక మీద ఒక్కో ఎముక ఆనేలా కూర్చోవాలి. అందుకే పాత సీటు ముక్కు కొసతో కొలత కలపకు, కూర్చునే చోటు నుంచి కొలువు. చాలామందికి సీటు పాతదానికంటే రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఇంకో సంగతి, ఇది ఆడవాళ్లకి ఎవరూ చెప్పరు: మధ్యలో పెద్ద కంత ఉన్న సీటు అందరికీ పడదు. మెత్తటి భాగం ఆ కంతలోకి దిగి, దాని అంచులకి నొక్కుకుని వాస్తుంది. దిగాక ఒకవైపు వాపు కనిపిస్తే అదే కారణం కావచ్చు. అలాంటివాళ్లకి కంత బదులు మెత్తటి ఫోమ్ నింపిన సీట్లు వస్తున్నాయి, స్పెషలైజ్డ్ మిమిక్ అలాంటిదే. మరుసటి రోజుకీ వాపో తిమ్మిరో తగ్గకపోతే సైకిల్ పక్కన పెట్టి గైనకాలజిస్టుకి చూపించుకో.

సీట్లు ఖరీదైనవి, కొనేముందు తోటి రైడర్లని అడిగి వారం పాటు తెచ్చుకో. కార్బన్ రెయిల్స్ ఎక్కువగా 7×9 మిల్లీమీటర్ల కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి, మామూలు 7 మిల్లీమీటర్ల గుండ్రటి రెయిల్స్‌కి చేసిన క్లాంపులో ఇరికిస్తే పగలొచ్చు.

సైకిల్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకు, కుట్లే పుండు చేస్తాయి. అక్కడ రేజర్ వాడకు, కత్తిరించుకుంటే చాలు. రేజర్ పెట్టాక చెమటకి వెంట్రుకల మొదళ్లలో సెగగడ్డలు లేస్తాయి. రేసు రోజు తొడిగేది ట్రైసూట్ (ఈతకీ సైకిల్‌కీ పరుగుకీ ఒక్కటే వేసుకునే సూట్), దాని ప్యాడ్ పల్చన. పైగా 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈది ఉప్పునీళ్లతో సీటెక్కుతావు. కాబట్టి ఆ సూట్‌నే ఉప్పు కలిపిన నీళ్లలో తడిపి, ఒరుసుకోకుండా పూసుకునే క్రీమ్ బాగా పట్టించి, రెండు గంటలు తొక్కి చూడు. ఎక్కడ ఒరుసుకుంటుందో ముందే తెలుస్తుంది. రైడ్ అవగానే తడి బట్టలతో కూర్చుని టీ తాగొద్దు.

ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా బిగించి తొక్కే స్టాండు) మీద పరీక్షించేటప్పుడు బండి కదలదు, నువ్వూ లేవవు, కాబట్టి బయటికంటే ఎక్కువే నొప్పి పుడుతుంది. అక్కడ 40 నిమిషాలు ఏరోలో తట్టుకుంటే సీటు దారిలో ఉన్నట్టే. తర్వాత హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన నార్సింగి నుంచి కొల్లూరు వైపు పోయే సైకిల్ ట్రాక్ మీద తెల్లవారగానే తొక్కు. జనం ఉంటే ఏరో వద్దు, ఆ బార్ల మీద చేతికి బ్రేకు అందదు. ప్రతి 10, 15 నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి 15 సెకన్లు నిలబడు. తిమ్మిరి మొదలయ్యాక లేద్దామనుకోకు, అప్పటికే ఆలస్యం.

గోవాకి బైక్ పెట్టెలో సర్దేటప్పుడు సీట్‌పోస్ట్ తీసేస్తారు. టేప్ ఉంటే ఎత్తు తిరిగి వస్తుంది గానీ వాలు తప్పొచ్చు. హోటల్ గదిలో ముందు నేల మీద రసమట్టం పెట్టి చూడు, బాత్రూం వైపుకి వాలి ఉంటుంది చాలా చోట్ల. నేల వాలు ఎంతో చూసుకుని ఆ తర్వాత సీటు కొలువు. 4, 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు చేతి సంచిలో పెట్టుకోకు, విమానాశ్రయంలో తీసేసుకోవచ్చు, బైక్ పెట్టెలోనే వెయ్యి.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య