పసుపు కుంకుమల తోట

ప్రశ్న: నా పెళ్లిలో నాన్న పసుపు కుంకుమల కింద అరెకరం కొబ్బరితోట ఇస్తున్నానని పెద్దల ముందు చెప్పారు, కాగితం రాయలేదు, దింపు దింపుకీ కాయల డబ్బులు మాత్రం పంపేవారు. ఆయన పోయాక తమ్ముడు ‘పెళ్లయ్యాక నీకేం హక్కక్కా’ అంటున్నాడు. – ఓ పాఠకురాలు, కోనసీమ

జవాబు: స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షులతో రిజిస్టరైన దస్తావేజు ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది, పసుపు కుంకుమలకి అదీ అక్కర్లేదన్న తీర్పులూ ఉన్నాయనుకోండి, కానీ ఆ వాదనతో కోర్టుకెక్కితే ఏళ్లు పడుతుందమ్మా. అంతకంటే గట్టి దారి వాటా అడగడం. నాన్నగారు వీలునామా రాయకపోతే ఆయన స్వార్జితంలో మీకూ సమానవాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే ఇచ్చింది. పిత్రార్జితమైతే, ముందే పంపకాలు జరిగి ఉండకపోతే, కూతుళ్లకీ కొడుకులతో సమాన హక్కిచ్చిన ఆ చట్టం 2005 సవరణ ఉంది, పెళ్లి అడ్డు కాదు. (కూతుళ్లకి పిత్రార్జితంలో వాటా ఇస్తూ ఎన్టీఆర్ హయాంలో వచ్చిన 1986 చట్టం అప్పటికే పెళ్లయినవాళ్లని పక్కనపెట్టింది, మీ తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు!) ముందు ఆ తోట మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ తీయించి, రెవెన్యూవాళ్ల భూమి రికార్డైన అడంగల్‌లో ఎవరి పేరుందో చూడండి.