బైపాస్ రూట్లకి మార్కులేసి తేలిస్తే నమ్మొచ్చా?

ఖర్చు, టైమ్, పర్యావరణం అన్నిటికీ మార్కులేసి కూడి రోడ్డు రూట్ ఎంచుకుంటారు గదా, అది నమ్మొచ్చా అని అడిగినారు. నమ్మే ముందు వెయిటేజీలు, అంటే ఏ అంశానికి ఎంత ప్రాధాన్యమనే అంకెలు, ఎవరు పెట్టినారో చూడాల, రిజల్ట్ అంతా ఆడే ఉంటుంది.

మా చిత్తూరు పక్క ఒక బైపాస్ కోసం ఊర్లో మీటింగ్ పెడితే నేనూ పోయినా. నూటికి ఖర్చుకి 50, ప్రయాణ సమయానికి 30, నీళ్లు, పర్యావరణానికి కలిపి 20 అని స్క్రీన్ మీద పట్టిక వేసినారు. మొదటి రూట్‌కి పదికి 9, 8, 2, రెండోదానికి 6, 7, 8. ఆ వెయిటేజీల ప్రకారం లెక్కేసి కూడితే పదికి 7.3, 6.7, సో మొదటిదే అని చెప్పి ముగించబోతా ఉంటే ఒక పెద్దామె లేచి "ఏం నాయనా, ఆ రెండు మార్కులు మా చెరువుకి నీళ్లొచ్చే కాలువవేనా?" అనింది. ఎవురూ మాట్లాడలా. నేను ఫోన్ తీసి వెయిటేజీలు 40, 25, 35 అని మార్చి చూస్తే మొదటిది 6.3కి దిగిపోయింది, రెండోది 6.95, మార్కు ఒక్కటి కూడా మార్చలేదు! పోయి చూపిస్తే వెయిటేజీలు పైనుంచి వచ్చినాయి అన్నారు.

ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) చేస్తే సైంటిఫిక్ అంటారు కొందరు. గణితవేత్త థామస్ సాటీ పద్ధతి అది, రెండేసి అంశాలు పక్కపక్కన పెట్టి ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 దాకా అంకెలతో పోల్చి వెయిటేజీలు తేల్చేది. కన్సిస్టెన్సీ రేషియో 0.1 లోపల ఉంటే ఆ పోలికలు ఒకదానికొకటి పొసిగినాయని అర్థం, అంతే. రైతు పోల్చినా కాంట్రాక్టర్ పోల్చినా ఆ టెస్టు పాసవ్వచ్చు, వెయిటేజీలు మాత్రం వేరే వేరే వస్తాయి.

అసలు కూడికతోనే నాకు పేచీ. ఖర్చులో మిగిలిన డబ్బు ఎండిపోయిన చెరువుని ఎట్లా నింపుతుంది? బెర్నార్డ్ రాయ్ తెచ్చిన ఎలెక్ట్ర్ పద్ధతుల్లో వీటో ఉంటుంది, ఒక అంశంలో మరీ వెనకబడితే మిగతావాటిల్లో ఎంత బాగున్నా అది మేలని ఒప్పుకోరు. వాన తక్కువ పడే మన సీమలో చెరువు కాలువలకి ఆ వీటో ఉండాల్సిందే.

తిరుపతిలో ఇంకో బాధ, ప్రయాణ సమయం అంటే బండ్ల టైమే లెక్క, మూటలు నెత్తిన పెట్టుకోని బస్టాండు నుంచి రైల్వే స్టేషన్‌కి నడిచే యాత్రికుల టైమ్ ఏ పట్టికలోనూ నేను చూళ్లా.

మీ ఊర్లో మీటింగ్ పెడితే ఎక్సెల్ షీట్ అడిగి తీసుకోండి, వెయిటేజీలు కొంచెం కొంచెం మార్చి ర్యాంకు నిలబడతాందా లేదా చూడండి. షీట్ ఇయ్యకపోతే ఆర్టీఐ పెట్టండి.