చైనాలో టీచర్ ఉద్యోగం: జీతం కన్నా ముందు వీసా చూసుకోండి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, జీతం 42 వేలు. చైనాలో సుజౌ నగరంలోని ఒక స్కూలు నుంచి రెండేళ్లకు ఆఫర్ వచ్చింది. నెలకు 18,000 యువాన్లు ఇస్తారు. అద్దె నేనే కట్టుకోవాలి, 3,000 దాకా అవుతుందట. ఆగస్టు 20న బయల్దేరాలి. బాబును గుంటూరులో అమ్మ దగ్గర ఉంచుతాను. 4 లక్షల గోల్డ్ లోన్ ఉంది. ముందు బిజినెస్ వీసా మీద వెళ్లి తర్వాత మార్చుకోవచ్చని ఏజెంట్ అంటున్నాడు. నెలకు రెండు లక్షలు మిగులుతాయా?

జవాబు: రెండు లక్షలు మిగలవమ్మా. యువాన్ 12 రూపాయలనుకుంటే మీ మొత్తం జీతమే 2.16 లక్షలు. జాగ్రత్తగా ఉంటే లక్ష దాకా మిగులుతుంది. అది ఇప్పుడు మీకు వచ్చే జీతానికి రెట్టింపు కన్నా ఎక్కువ కాబట్టి వెళ్లమనే అంటాను. ఏజెంట్ చెప్పిన దారిలో మాత్రం వద్దు.

చైనాలో ఉద్యోగం చేయాలంటే జెడ్ వీసా (ఉద్యోగ వీసా) మీద దిగాలి. దానికి కావలసిన వర్క్ పర్మిట్ అనుమతి కాగితం స్కూలే ముందు తెప్పించి పంపాలి. దిగిన 30 రోజుల్లో అక్కడ ఉండేందుకు రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. బిజినెస్ వీసా మీద పాఠాలు చెబుతూ దొరికితే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. కేసు పెద్దదైతే 5 నుంచి 15 రోజులు నిర్బంధం కూడా. అది కట్టేది, అనుభవించేది ఏజెంట్ కాదు కదా.

ఈ వీసా గొడవ నేనెందుకు ఎత్తానంటే, మీ డబ్బంతా దాని మీదే ఆధారపడి ఉంది. అక్కడి బ్యాంకులో యువాన్లను డాలర్లుగా మార్చి ఇంటికి పంపాలంటే పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్, కాంట్రాక్టుతో పాటు పన్ను కట్టినట్టు రసీదు చూపాలి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడకు స్కూలు సగం జీతం ఖాతాలో వేసి, మిగతాది కవర్లో పెట్టి ఇచ్చేది. పన్ను తగ్గిందని ఆవిడా సంతోషించింది. ఏడాది చివర బ్యాంకుకు వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి రసీదు మీది అంకెలు రెండుసార్లు కూడి కాలిక్యులేటర్ ఇటు తిప్పి చూపించిందట: పన్ను కట్టిన జీతం ఇంతే, ఇంతవరకే పంపగలరు. కాగితాలు లేకుండా రోజుకు 500 డాలర్ల వరకే మార్చుకోనిస్తారు. వేసవి సెలవులు ఆ క్యూలోనే గడిచిపోయాయి.

ఇక మీ లెక్క. సోషల్ ఇన్సూరెన్స్ కింద మీ వాటా 10.5 శాతం, అంటే 1,890 యువాన్లు. నెలకు 5,000 మినహాయింపు పోగా పన్ను సగటున 900 దాకా పడుతుంది. అక్కడ ఏడాది మొదట్లో పన్ను తక్కువగా, పోనుపోను ఎక్కువగా కోస్తారు. డిసెంబర్‌లో జీతం తగ్గిందని టెన్షన్ పడకండి. చేతికి 15,200 వస్తుంది. అద్దె 3,000, తిండి, కరెంటు, తిరుగుడు కలిపి 4,000 తీసేయండి. సుజౌ యాంగ్జీ నదికి దక్షిణాన ఉంది. ఉత్తరాది నగరాల్లోలా ఇళ్లకు కేంద్రీకృత హీటింగ్ రాదు, జనవరిలో ఏసీతోనే వేడి చేసుకోవాలి. కరెంటు బిల్లు అప్పుడు చూడాలి.

ఆ 10.5 శాతంలో 8 శాతం పెన్షన్‌ది. చైనా వదిలి వచ్చేటప్పుడు దరఖాస్తు పెడితే ఈ భాగం మీకు తిరిగి ఇస్తారు. 24 నెలలకు 34,560 యువాన్లు, అంటే 4 లక్షల పైమాటే. విమానం టికెట్ కొనకముందే ఆ పని మొదలుపెట్టండి. స్కూలు కట్టిన వాటా రాదు.

వెళ్లేటప్పుడు రెండున్నర లక్షలు చేతిలో ఉండాలి. అక్కడ అద్దెకు ఒక నెల అడ్వాన్సు, మూడు నెలల అద్దె ఒకేసారి అడగడం మామూలే. మీకది 12,000 యువాన్లు, మొదటి జీతం రాకముందే. దీనికోసం ఉన్న నగల మీద ఇంకో లోన్ తీసుకోకండి. జీతంలో కొంత ముందుగా ఇమ్మని స్కూలును అడగండి, కొన్ని స్కూళ్లు ఇస్తాయి.

ఇక్కడి పన్ను సంగతి. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 వరకే మీరు ఇండియాలో 142 రోజులు ఉన్నట్టు. ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు నిండితే చైనా జీతాన్నీ ఇక్కడ చూపాలి. అంటే మార్చి 31 లోపు ఇక్కడ ఉండటానికి ఇంకా 39 రోజులే మిగిలాయి. చైనా కొత్త సంవత్సరం సెలవులు జనవరి, ఫిబ్రవరిల్లోనే వస్తాయి. సంక్రాంతికి వచ్చి, బాబును వదల్లేక ఇంకో రెండు వారాలు ఉండిపోవడం సహజమే, కానీ రోజులు లెక్కపెట్టుకోండి. జూలైలో తిరిగొచ్చేసే సంవత్సరం మాత్రం పన్ను లెక్కలో మీరు రెసిడెంటే, అంటే ఇండియాలో ఉన్నవారే. ఏప్రిల్ నుంచి వచ్చిన జీతం రిటర్న్‌లో చూపి, అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ (ఇక్కడి పన్నులో తగ్గింపు) తీసుకోవాలి.

వెళ్లగానే ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవారికి ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఖాతా) మార్పించి, చైనా నుంచి పంపే జీతం కోసం ఎన్ఆర్ఈ ఖాతా (విదేశీ సంపాదన కోసం ఖాతా) తెరవండి. మొదటి ఆరు నెలల డబ్బు గోల్డ్ లోన్‌కే పోనివ్వండి, మ్యూచువల్ ఫండ్లు తర్వాత చూద్దాం. హెల్త్ పాలసీ ఆపకండి, ఆపితే తిరిగొచ్చి కొత్తది తీసుకున్నాక వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని కాలం) మళ్లీ మొదలవుతుంది. సాయంత్రం ట్యూషన్లు చెబుతానని మాత్రం ఒప్పుకోకండి, పర్మిట్ ఆ ఒక్క స్కూలుకే.

సంతకం పెట్టేముందు స్కూలును ఒక ప్రశ్న అడిగి, జవాబు కాంట్రాక్టులో రాయించుకోండి: వేసవి సెలవుల జీతం ఇస్తారా? పది నెలలకే ఇస్తామంటే పైన నేను వేసిన లెక్కలన్నీ మారతాయి. అప్పుడు మళ్లీ రాయండి.